చేత్తో ఇనుప కడ్డీ వంచడం: మొదటి కమ్మి నుంచి ఏడంగుళాల దాకా

కర్నూలు, నంద్యాల పల్లెల్లో ఉగాది వచ్చిందంటే ఎద్దుల బండలాగుడు పోటీలు, కొన్ని ఊళ్లలో రాతిగుండు ఎత్తే పోటీలు జరుగుతాయి. బలాన్ని నలుగురి ముందు పరీక్షించుకోవడం మనకు కొత్త కాదు. గొలుసులు తెంచి, కార్లు ఆపి పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు (1882–1942) కథలు రాయలసీమలో కూడా చెప్పుకుంటారు. ఇనుప కడ్డీని ఉత్త చేతులతో వంచడం కూడా ఆ కోవలోదే. దీనికి పెద్ద జిమ్ము అక్కర్లేదు, ఖర్చూ తక్కువే. అయితే సరైన ఇనుము ఎంచుకోవడం తెలియకపోతే మొదటి వారంలోనే మణికట్టు పోగొట్టుకుంటారు. అందుకే ఈ మార్గదర్శిలో కండల కంటే ముందు కడ్డీ గురించి, అదీ ఎక్కువగా చెప్తాను.

ముందు ఇనుమును తెలుసుకోండి

మొదలుపెట్టే కుర్రాళ్లలో చాలామంది ఇల్లు కడుతున్న చోటికి వెళ్లి, కింద పడున్న ఎనిమిది మిల్లీమీటర్ల కమ్మి ముక్క తెచ్చుకుంటారు. వేలంత మందం కూడా లేదు కదా, వంగదా అనుకుంటారు. అది వంగదు. తప్పు వాళ్ల బలానిది కాదు, కమ్మిది.

గుండ్రటి కడ్డీని శాశ్వతంగా వంచడానికి కావలసిన బలం రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఉక్కు గట్టిదనం, రెండోది మందం. మందం ప్రభావం మామూలుగా ఉండదు, ఘనంలో పెరుగుతుంది. 6 మి.మీ. నుంచి 8 మి.మీ.కి పోతే మందం పెరిగింది మూడో వంతే, వంచే బలం మాత్రం రెండింతలు దాటి 2.37 రెట్లు అవుతుంది. గట్టిదనం విషయానికొస్తే, నున్నటి మెత్తటి కడ్డీ (మైల్డ్ స్టీల్) చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల దగ్గర లొంగడం మొదలుపెడుతుంది. ఇళ్లకు వాడే గీతల టీఎమ్‌టీ కమ్మి మీద ఎఫ్‌ఈ 500 అని ఉంటే దానికి కనీసం 500 కావాలి.

ఈ రెండూ కలిపి లెక్క వేస్తే, వంచడానికి కావలసిన మెలి బలం సుమారుగా ఇలా వస్తుంది:

- 6 మి.మీ. నున్నటి కడ్డీ: 9 న్యూటన్ మీటర్లు
- 6 మి.మీ. టీఎమ్‌టీ: 18
- 8 మి.మీ. నున్నటి కడ్డీ: 21
- 8 మి.మీ. టీఎమ్‌టీ: 43
- 10 మి.మీ. టీఎమ్‌టీ: 83

ఇవి కనీస లెక్కలు. కొట్లో దొరికే ఇనుము చాలాసార్లు ఇంతకంటే కాస్త గట్టిగానే ఉంటుంది. ఏడంగుళాల ముక్కను రెండు చేతుల్లో పట్టుకుంటే ఒక్కో చేతికి దొరికే ఎడం ఏడు సెంటీమీటర్లు, అంతే. ఆ ఎడంలో 9 న్యూటన్ మీటర్లు పుట్టించాలంటే పదమూడు కిలోల తోపు చాలు. 43 పుట్టించాలంటే అరవై కిలోలు దాటాలి, అదీ మణికట్టు మీద.

ఇంకో పోలిక చూడండి. అమెరికాలో ఐరన్‌మైండ్ అనే సంస్థ ‘రెడ్ నెయిల్’ పేరుతో ఒక కడ్డీ అమ్ముతుంది. మందం 5/16 అంగుళం, పొడవు 7 అంగుళాలు, కోల్డ్ రోల్డ్ స్టీలు. దాన్ని వంచడం ప్రపంచంలో ఈ విద్య నేర్చేవాళ్లందరికీ పెద్ద మైలురాయి. 5/16 అంగుళం అంటే 7.9 మి.మీ. సిమెంటు పని దగ్గర పడున్న 8 మి.మీ. టీఎమ్‌టీ ముక్కను ఏడంగుళాలకు కోస్తే దాదాపు దానికి సమానమైన కడ్డీ మీ చేతిలో ఉన్నట్టు. మొదటి రోజు ముట్టుకోవలసిన వస్తువు కాదది.

కొనడం, కోయించడం

ఇనుప కొట్టుకు వెళ్లి ‘6 ఎమ్మెమ్ ప్లెయిన్ రాడ్డు’ అని అడగండి. గీతలు లేనిది, వేలితో రాస్తే నున్నగా తగిలేది. తూకానికి అమ్ముతారు. 6 మి.మీ. కడ్డీ మీటరుకు 222 గ్రాములు, 8 మి.మీ.ది 395 గ్రాములు తూగుతుంది. మందం మీద అనుమానం వస్తే ఒక మీటరు ముక్క తూచి చూడండి. మందాన్ని (మి.మీ.ల్లో) మందంతోనే హెచ్చించి, వచ్చినదాన్ని 6.16తో హెచ్చించండి, మీటరు ముక్క తూగే గ్రాములకు సరిపోవాలి. (6×6=36, 36×6.16=222.) ఆరు మీటర్ల కడ్డీ ఒకటి కొంటే కిలోన్నర కూడా తూగదు. చాలా వారాలకు సరిపోతుంది.

మొత్తం ఒకే కడ్డీ నుంచి కోయించుకోవడం ముఖ్యం. ఒక లోడుకూ ఇంకో లోడుకూ గట్టిదనం మారుతుంది. ఈ వారం ఒక కొట్టుది, వచ్చే వారం ఇంకో కొట్టుది తెచ్చుకుంటే బలం పెరిగిందో, ఇనుము మెత్తబడిందో తెలియదు. కొత్త కడ్డీ తెచ్చినప్పుడల్లా ముక్కల చివర వేరే రంగు పెయింటు పూసుకోండి.

కోయడం వెల్డింగ్ షాపులో చెప్పండి. ‘ఇంత చిన్న ముక్కలు ఏంటికన్నా?’ అని అడుగుతారు, చెప్పండి, తప్పేం లేదు. పొడవులు ఇవి: 18 అంగుళాలవి నాలుగు, 9 అంగుళాలవి ఆరు, 8 అంగుళాలవి ఆరు, మిగతావన్నీ 7 అంగుళాలవి. కోత యంత్రం వదిలిన అంచు బ్లేడులా ఉంటుంది. గుడ్డ చుట్టినా అరచేతిలోకి దిగుతుంది. ఇంటికొచ్చాక ప్రతి ముక్క రెండు చివర్లూ ఆకురాయితో రుద్ది గుండ్రం చెయ్యండి. తొందరలో చాలామంది వదిలేసే పని ఇదే. కూర్చుని ఓపిగ్గా చెయ్యాలి.

వంచకూడనివి కూడా చెప్పాలి. డ్రిల్ బిట్లు, ఆకురాళ్లు, హ్యాక్సా బ్లేళ్లు, పోత ఇనుము ఇవేవీ వంగవు, విరుగుతాయి. విరిగిన ముక్క కంట్లోకి పోతుంది. లారీ కమాను పట్టీ స్ప్రింగు ఉక్కు, వదిలితే ఎగిరి కొడుతుంది. వెల్డింగు అంటిన కడ్డీ, తుప్పు తిని గుంటలు పడ్డ కడ్డీ, నడుమ కోత గీటు ఉన్న కడ్డీ కూడా వద్దు. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉంటే దాని జోలికి పోకండి, అది 640 న్యూటన్ల దాకా లొంగదు, పైగా మర (థ్రెడ్) ఉన్న చోట తెగే ప్రమాదం. ఆరంగుళాల మేకులు చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తాయి కానీ చల్లగా లాగిన తీగతో చేసినవి కాబట్టి అంతే మందం నున్నటి కడ్డీ కంటే గట్టిగా ఉంటాయి. వాటి సంగతి తర్వాత.

చుట్టుగుడ్డ

ఉత్త చేత్తో వంచడం గొప్ప అనుకోవద్దు. గుడ్డ లేకపోతే కడ్డీ చివర అరచేతి మధ్యలో గుచ్చుకుని, నొప్పికే చెయ్యి వదిలేస్తుంది. బలం బయటికే రాదు. పోటీల్లోనూ చుట్టుగుడ్డకు అనుమతి ఉంటుంది.

పాత జీన్సు ప్యాంటు కాలు చాలు. నాలుగంగుళాల వెడల్పు, అడుగు పొడవు పట్టీలు రెండు కత్తిరించండి. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మెత్తటి తోలు ముక్కలు దొరికితే ఇంకా మేలు, అవి జారవు. కడ్డీ ఒక చివర, అర అంగుళం గుడ్డ బయటికి వచ్చేలా పెట్టి, ప్రతి చుట్టుకూ బొటనవేలితో లాగి బిగిస్తూ చుట్టండి. చుట్టాక గుడ్డను పట్టుకుని కడ్డీని తిప్పి చూడండి. లోపల కడ్డీ తిరిగితే వదులుగా ఉన్నట్టే, విప్పి మళ్లీ చుట్టండి. బిగిశాక రెండు రబ్బరు బ్యాండ్లు వెయ్యండి. రెండు చుట్ల మధ్య నడుమ రెండు వేళ్ల వెడల్పు ఇనుము కనిపిస్తూ ఉండాలి, వంపు పడేది అక్కడే.

కర్నూలు ఎండాకాలంలో అరచేతులు నీళ్లు కారుతాయి. జిమ్నాస్టులు వాడే చాక్ పొడి (మెగ్నీషియం కార్బొనేట్) కొంచెం రాసుకోండి. సున్నం మాత్రం వద్దు, చెమటలో చర్మాన్ని కాలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు గంటల్లోపే సాధన ముగించుకోవడం మంచిది.

కళ్లకు వెల్డింగ్ షాపుల్లో దొరికే తెల్ల అద్దాల గాగుల్స్ తప్పనిసరి. ఎదురుగా పిల్లల్ని నిలబెట్టుకోవద్దు. కింద నాపరాయి పరిచిన గది అయితే ఒక గోనెపట్ట వేసుకోండి, కడ్డీ జారిపడితే బండ అంచు లేచిపోతుంది.

మొదటి నెల: చేతుల్ని సిద్ధం చేయడం

కండ కొన్ని వారాల్లో బలపడుతుంది. ఎముకకు కండను కట్టే నరాల్లాంటి స్నాయువులకు నెలలు పడుతుంది. కడ్డీ వంచేవాళ్లకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఈ తేడా వల్లే. అందుకే మొదటి నెల ఇనుము జోలికి వెళ్లకుండా వారానికి మూడు రోజులు ఇవి చెయ్యండి.

దండీలు, మీకు హాయిగా వచ్చినన్ని. మన పాత తాలింఖానాల్లో చేయించే పద్ధతిలోనే, ఛాతీ నేల దగ్గరికి దింపి లేపాలి. ఛాతీ, భుజం బలపడకుండా వంచడం కుదరదు. వంపు పూర్తి చేసేది వేళ్లు కాదు, ఛాతీ.

తడి దుప్పటి పిండడం. బాగా తడిపిన దుప్పటిని ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు చివరి చుక్క దాకా పిండండి. మణికట్టుకు ఇంతకంటే సహజమైన కసరత్తు లేదు.

సుత్తి ఊపడం. రెండు కిలోల సుత్తి పిడి చివర పట్టుకుని, చెయ్యి కిందికి వేలాడదీసి, మణికట్టుతోనే తలను ముందుకు లేపి దించండి, తర్వాత వెనక్కి. బరువనిపిస్తే పిడిని సుత్తి తలకు దగ్గరగా పట్టుకోండి.

జొన్నల బకెట్. బకెట్ నిండా జొన్నలు పోసి, చెయ్యి మణికట్టు దాకా దింపి, వేళ్లు విప్పడం, మూయడం, తిప్పడం. పట్టు బిగించే కసరత్తులే చేసి వేళ్లు విప్పే వైపు వదిలేస్తే మోచేతి పక్కన నొప్పి పుడుతుంది. ఇది ఆ లోటు తీరుస్తుంది.

తిండి గురించి చాలా అడుగుతారు. రాగిసంగటి, ఉలవలు, బుడ్డలు (వేరుశనగలు), గుడ్లు, వీలైతే మాంసం చాలు. నూరు గ్రాముల వేరుశనగ గింజల్లో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. పౌడరు డబ్బాలు దీనికి అక్కర్లేదు.

తొడ మీద వంచడం

రెండో నెల మొదట్లో 18 అంగుళాల 6 మి.మీ. కడ్డీ తీసుకోండి. కుర్చీలో కూర్చుని, తొడ మీద కండ ఉన్న చోట మడత పెట్టిన టవలు వేసుకోండి. మోకాలి చిప్ప మీద ఎప్పుడూ పెట్టకూడదు. కడ్డీ నడుమ టవలు మీద, రెండు చేతులు రెండు చివర్ల. నిదానంగా కిందికి అదమండి.

మొదటి కడ్డీ అనుకున్నంత కష్టం లేకుండా వంగుతుంది. ఆ సంతోషంలో తొందరపడకుండా వంపును దగ్గరగా చూడండి. వేడిగా తయారైన కడ్డీ మీద ఉండే నల్లటి పొలుసు, వంపు బయటివైపు పగిలి రాలిపోయి, కింద వెండిలా మెరిసే గీతలు అడ్డంగా కనిపిస్తాయి. వేలు పెడితే ఆ చోటు గోరువెచ్చగా ఉంటుంది. మీ బలం లోహంలోకి పోయి వేడిగా మారిందన్నమాట. వంపు నడుమ ఒక్కచోటే పడిందా, పక్కకు జరిగిందా అన్నది కూడా గమనించండి. పక్కకు జరిగితే ఒక చెయ్యి ఎక్కువ పని చేస్తోందని అర్థం.

వంగిన కడ్డీని మళ్లీ తిన్నగా చేసి వాడొద్దు. ఒకసారి వంగిన చోట ఉక్కు గట్టిపడుతుంది, రెండోసారి పగుళ్లు రావచ్చు. సగం వంచి రేపు పూర్తి చేద్దామనుకోవడమూ పొరపాటే. మెత్తటి ఉక్కు అలా కొంతకాలం ఉంటే ఇంకా బిగుసుకుంటుంది. మొదలుపెట్టిన కడ్డీని ఒక నిమిషంలో ముగించడం అలవాటు చేసుకోండి.

తొడ మీద 6 మి.మీ. తేలికయ్యాక 8 మి.మీ. నున్నటిది 18 అంగుళాలది ప్రయత్నించండి. ఒక్కో చేతికి పన్నెండు కిలోల దాకా తోపు పడుతుంది.

గాలిలో వంచడం: అసలు విద్య

ఇప్పుడు 9 అంగుళాల 6 మి.మీ. కడ్డీ. దేనికీ ఆనించకుండా రెండు చేతుల మధ్యే వంచాలి. తొమ్మిదంగుళాలైతే అరచెయ్యి మొత్తం కడ్డీ మీద పరుచుకుంటుంది. పొడవు తగ్గేకొద్దీ చిటికెన వేలికి చోటుండదు, పట్టు కుదించుకుపోతుంది. అందుకే పొడవే మీ నిచ్చెన.

పట్టుకునే పద్ధతులు ప్రధానంగా మూడు. రెండు అరచేతులూ కిందికి ఉండేది, రెండూ పైకి ఉండేది, ఒకటి పైకి ఒకటి కిందికి ఉండేది. అన్నింట్లోకీ అరచేతులు కిందికి పెట్టే పద్ధతితో మొదలుపెట్టమని చెప్తాను. ఛాతీ బలం అందులో బాగా కలుస్తుంది, మణికట్టు మీద భారం కొంత తగ్గుతుంది.

నిలబడే తీరు: పాదాలు భుజాలంత ఎడంగా. కడ్డీ గడ్డం కింద, కంఠానికి ఒక జానెడు దూరంలో, నేలకు సమాంతరంగా. మెడకు ఆనించొద్దు. అరచేతులు కిందికి చూస్తుంటాయి, రెండు చూపుడువేళ్లూ నడుమ దగ్గర ఎదురెదురుగా వస్తాయి. మోచేతులు భుజాల ఎత్తుకు లేపి ఉంచండి.

తొలి వంపు: చూపుడువేళ్లు కింది నుంచి పైకి పట్టి ఆపుతాయి, చిటికెన వేలి వైపు అరచేతి అంచులు కడ్డీ చివర్లను కిందికి అదుముతాయి. మణికట్టును గట్టిగా బిగించి కదలనివ్వకండి. మోచేతుల్ని కిందికీ, లోపలికీ దించుతూ ఆ బలం కడ్డీకి చేర్చండి. ఒక్కసారిగా కుదపొద్దు, రెండు మూడు సెకన్లలో పెంచుకుంటూ పోండి. ఊపిరి బిగబట్టకుండా పళ్ల మధ్య నుంచి సన్నగా వదలండి. కడ్డీ కొంచెం మొరాయించి, ఉన్నట్టుండి లొంగుతుంది. ఆ లొంగడం చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఆపకండి.

ఊడ్చినట్టు తీసుకుపోవడం: ముప్ఫై డిగ్రీల నుంచి తొంభై దాకా. ఇప్పుడు అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి. కిందికి అదమడం మాని, ఛాతీతో రెండు చేతుల్నీ దగ్గరికి నొక్కండి. చాలామందికి ఇది మూడింట్లో తేలిక భాగం.

మూయడం: తొంభై దాటాక చేతికి ఎడం దొరకదు, అందుకే కష్టం. అర క్షణం ఆగి గుడ్డ సర్దుకోండి. వేళ్లలో వేళ్లు పెన వేసి, అరచేతి మడమల్ని కడ్డీ చివర్ల మీద ఉంచి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టి ఛాతీతో పిండండి. రెండు చివర్ల మధ్య రెండంగుళాలు మిగిలితే వంపు పూర్తయినట్టు లెక్క.

తొలి వంపు పడటం లేదంటే బలం తక్కువ కావచ్చు, కానీ ముందు చుట్టు వదులుగా ఉందేమో చూడండి. మూయడం కుదరడం లేదంటే దండీలు పెంచండి. వాటికి మందులు వేరువేరు.

వారం ఎలా నడపాలి

ఇనుము వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. అంతకు మించి వద్దు. ముందు వేడి నీళ్లలో చేతులు కాసేపు ఉంచి, వేళ్లు, మణికట్లు తిప్పి, తేలికైన కడ్డీలు రెండు మూడు వంచి, తర్వాత ఆ రోజుకు కష్టమైనది ఒక్కటి. అది పడ్డా పడకపోయినా అక్కడితో ఆపాలి.

పెంచే వరుస: 9 అంగుళాలది మూడు సాధన రోజుల పాటు వరసగా నిమిషంలోపు మూయగలిగితే 8కి రండి. అక్కడా అదే నియమం, తర్వాత 7. మందం మాత్రం మార్చకండి.

కదలని కడ్డీని నొక్కి పట్టడం కూడా సాధనే. రష్యన్ బలశాలి అలెగ్జాండర్ జాస్ (1888–1962) మొదటి ప్రపంచ యుద్ధంలో ఖైదీగా ఉన్నప్పుడు గొలుసుల మీద, ఊచల మీద ఇలా బలం ప్రయోగిస్తూ సాధన చేశాడని ప్రతీతి. నిలకడ పట్టు పద్ధతికి ఆయనే పేరు తెచ్చాడు. 7 అంగుళాల 6 మి.మీ.ది హాయిగా మూయగలిగాకే 8 మి.మీ. టీఎమ్‌టీ ముక్క తీసుకుని, ఐదు సెకన్లు నొక్కి, ఒక నిమిషం ఆగి, అలా మూడుసార్లు చెయ్యండి. పూర్తి బలంలో ముప్పావు వంతు చాలు.

నొప్పి చెప్పే మాటలు

అరచేతి మడమ కమిలి నీలం తిరగడం, ముంజేతి కండలు పట్టేయడం మామూలే, రెండు రోజుల్లో తగ్గుతాయి. చిటికెన వేలి వైపు మణికట్టులో పొడిచినట్టు నొప్పి, బొటనవేలి మొదట్లో నొప్పి, మోచేతి లోపలి ఎముక దగ్గర సలపరం వస్తే ఇనుము పక్కన పెట్టి పూర్తిగా తగ్గేదాకా ఆగండి. వేళ్లలో తిమ్మిరి, మొద్దుబారడం వస్తే ఎముకల డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయొద్దు. నూనె రాసి లాగించుకోవడం దీనికి వైద్యం కాదు.

బీపీ ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, గుండె మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. గట్టిగా బిగబట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ఎముకల చివర్లు ఇంకా ఎదుగుతుంటాయి. వాళ్లకు దండీలు, బస్కీలు, తాడు ఎక్కడం చాలు. కడ్డీని పళ్ల మధ్య పెట్టి వంచే వీడియోలు చూసి ఎవరూ ప్రయత్నించొద్దు.

ఏడంగుళాల తర్వాత

6 మి.మీ. నున్నటిది 7 అంగుళాలది కుదిరాక రెండు దారులున్నాయి. ఒకటి, అదే కడ్డీని 6½, 6 అంగుళాలకు తగ్గించడం. ఇది వేళ్లకూ, మణికట్టుకూ కఠినం. రెండోది, 6 మి.మీ. టీఎమ్‌టీని 9 అంగుళాల నుంచి మళ్లీ మొదలుపెట్టడం. నేను రెండోదే చెప్తాను. బలం ఒక్కసారిగా రెండింతలు కావాలి కాబట్టి తొమ్మిదంగుళాల దగ్గర నెలలు పట్టినా ఆశ్చర్యపోవద్దు. ఆరంగుళాల మేకులు 6 మి.మీ. నున్నటిదానికీ, టీఎమ్‌టీకీ మధ్య మెట్టులా పనికొస్తాయి. మేకు తలను కోయించి, అంచు ఆకురాయితో రుద్ది వాడండి. టీఎమ్‌టీ గీతలు జీన్సు గుడ్డను కొరికేస్తాయి, అక్కడి నుంచి తోలు పట్టీకి మారాలి. ఆ తర్వాత 8 మి.మీ. నున్నటిది, మళ్లీ తొమ్మిదంగుళాలతోనే. 8 మి.మీ. టీఎమ్‌టీ ఏడంగుళాలది వంచాలంటే క్రమం తప్పని సాధన కొన్నేళ్లు కావాలి. ఈలోగా దాన్ని రెండడుగుల పొడవున తొడ మీద వంచవచ్చు, చేతికి పదిహేడు పద్దెనిమిది కిలోల తోపుతో వంగుతుంది.